దీర్ఘకాలిక జబ్బు ఉన్నవారికి ఏ పెరుగు? ప్రోబయోటిక్ కప్పు, మామూలు పెరుగు, ఇంట్లో తోడేసింది, క్యాప్సూల్: పోలిక

షుగరు ఉన్నవారికి సరిపోయే కప్పు కిడ్నీ జబ్బు ఉన్నవారికి సరిపోకపోవచ్చు. కీమో నడిచే వారాల్లో ఆ రెండు కప్పులూ పక్కన పెట్టాల్సి రావచ్చు. అందుకే ఏ పెరుగు మంచిదని అడిగేముందు మూడు సంగతులు తేల్చుకోవాలి: జబ్బేమిటి, అది ఇప్పుడు ఏ దశలో ఉంది, ఏయే మందులు వాడుతున్నారు. ఈ మూడూ తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే. కప్పు మీద పెద్దక్షరాల్లో ఉండే ‘ప్రోబయోటిక్’, ‘ఇమ్యూనిటీ’ అన్న మాటలు అన్నిటికన్నా చివర చూడాల్సినవి.

ఇమ్యూనిటీ మాటలో ఎంత నిజం

పేగు గోడ వెంట రోగనిరోధక కణాలు బారులు తీరి ఉంటాయి. లోపల ఏ బ్యాక్టీరియా ఉంది, అది ఏం తయారుచేస్తోంది అని కనిపెట్టుకుని ఉండటమే వాటి పని. పెరుగుతో లోపలికి వెళ్లిన బ్యాక్టీరియా కూడా వాటి కంటపడుతుంది. కొన్ని రకాలు పేగు పొరను బిగువుగా ఉంచడానికి తోడ్పడతాయి, కొన్ని ఐజీఏ అనే యాంటీబాడీ తయారీని కదిలిస్తాయి. ఇవి పరిశోధనల్లో కనబడినవే. కానీ ఇక్కడి నుంచి ‘రోజూ తింటే జబ్బులు దరిచేరవు’ అన్న మాట దాకా చాలా దూరం ఉంది.

మనుషుల మీద జరిగిన పరీక్షలను ఒకచోట చేర్చి తూకం వేసిన కాక్రేన్ సమీక్షల్లో, ప్రోబయోటిక్స్ (మేలుచేసే, బతికున్న సూక్ష్మజీవులు) వాడినవారికి జలుబు, గొంతునొప్పి లాంటి పై శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు కొంత తగ్గినట్టు తేలింది. ఆ ఆధారం మరీ గట్టిది కాదు. యాంటీబయోటిక్స్ వాడే రోజుల్లో సి. డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే విరేచనాలను ఆపడంలో ఆధారం కాస్త మెరుగు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిపై అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చేసి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, పది వారాల పాటు పులిసిన ఆహారాలు బాగా తిన్నవారి పేగుల్లో బ్యాక్టీరియా వైవిధ్యం పెరిగింది, రక్తంలో వాపును సూచించే కొన్ని ప్రొటీన్లు తగ్గాయి. అయితే వాళ్లు తిన్నది రోజుకు ఒక కప్పు కాదు, సుమారు ఆరు వడ్డింపులు. పైగా వాళ్లెవరూ రోగులు కారు.

ఐరోపా ఆహార భద్రతా సంస్థ పెరుగు బ్యాక్టీరియా విషయంలో నిలబడుతుందని ఒప్పుకున్నది ఒక్క మాటే: పాలలోని లాక్టోజ్ అరగడానికి అది సాయపడుతుంది. దానికీ గ్రాముకు 10 కోట్ల బ్యాక్టీరియా బతికుండాలన్న షరతు పెట్టారు. రోగనిరోధక శక్తి గురించి కంపెనీలు తెచ్చిన వాదనలు ఆ పరీక్షలో నెగ్గలేదు. ఇంకొక సంగతి, ఈ బ్యాక్టీరియా పేగులో కాపురం పెట్టదు. తినడం మానేసిన కొన్ని రోజుల్లోనో, వారాల్లోనో బయటికి పోతుంది. నెల తిని ఆపేస్తే ఏడాదంతా రక్షణ ఉంటుందనుకోవడం వృథా.

అసలు రోగనిరోధక శక్తిని ‘పెంచడం’ అందరికీ కావలసిన పనే కాదు. లూపస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లలో ఆ శక్తే దారితప్పి సొంత ఒంటి మీద పడుతుంది. అవయవ మార్పిడి జరిగినవారిలో దాన్ని మందులతో కావాలనే అణిచి ఉంచుతారు. వీళ్లు అడగాల్సిన ప్రశ్న వేరు: బతికున్న సూక్ష్మజీవులు నా ఒంట్లోకి వెళ్లడం ఇప్పుడు క్షేమమేనా?

ప్రొటీను, కాల్షియం, పాలు పడనివారికి కూడా చాలావరకు అరిగే గుణం, తీపి చిరుతిండి మానడానికి ఒక ఆసరా. పెరుగు కొనడానికి ఈ కారణాలు చాలు. ఇమ్యూనిటీ కలిసొస్తే సంతోషం, దానికోసం రెట్టింపు డబ్బు పెట్టనక్కర్లేదు.

లేబుల్ మీద చూడాల్సింది

2001లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్ఏఓ, ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్ల్యూహెచ్ఓ నిపుణులు ప్రోబయోటిక్‌కు ఒక నిర్వచనం ఇచ్చారు: తగిన మోతాదులో తీసుకుంటే ఆరోగ్యానికి మేలుచేసే, బతికున్న సూక్ష్మజీవి. బతికుండాలి, సరిపడా ఉండాలి, మేలు జరుగుతుందని రుజువై ఉండాలి. పాలను యోగర్ట్‌గా మార్చే జంట స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్, లాక్టోబాసిల్లస్ బల్గారికస్. ఇవి పైత్యరసాన్ని అంతగా తట్టుకోలేవు. అందుకే ప్రోబయోటిక్ పెరుగు పేరుతో అమ్మేవాటిలో ఈ జంటకు అదనంగా ఇంకో రకాన్ని కలుపుతారు. మీరు ఎక్కువ డబ్బు కట్టేది ఆ అదనపు రకానికే, కనుక దాని పేరు పూర్తిగా ఉందో లేదో చూడాలి.

పూర్తి పేరులో మూడు భాగాలుంటాయి. ‘లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ’లో చివరి జీజీ, ‘బిఫిడోబాక్టీరియం లాక్టిస్ బీబీ-12’లో చివరి బీబీ-12 స్ట్రెయిన్‌ను చెబుతాయి. స్ట్రెయిన్ అంటే ఒక జాతిలోని ఫలానా ఉపరకం. పరీక్షలు జరిగేది స్ట్రెయిన్ల మీద. ఒక రామ్నోసస్ పనిచేసిందని ఇంకో రామ్నోసస్ కూడా చేస్తుందని చెప్పలేం. ‘మంచి బ్యాక్టీరియా కలిగినది’ అని మాత్రమే రాసి ఊరుకున్న కప్పు మామూలు పెరుగుతో సమానమని లెక్కేసుకోండి. 2020లో శాస్త్రవేత్తలు లాక్టోబాసిల్లస్ కుటుంబాన్ని విడగొట్టి కొత్త పేర్లు పెట్టారు. ‘లాక్టికేసిబాసిల్లస్ రామ్నోసస్’ అని కనబడితే అదేదో కొత్త సరుకు అనుకోవద్దు, పాతదానికే పేరు మారింది.

తర్వాత లెక్క. అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం ప్రకారం పెరుగులో తోడు బ్యాక్టీరియా గ్రాముకు కనీసం 1 కోటి, లేబుల్ మీద పేరు చెప్పిన అదనపు రకం గ్రాముకు కనీసం 10 లక్షలు ఉండాలి. అంటే 100 గ్రాముల కప్పులో ఆ అదనపు రకం 10 కోట్లుంటే ప్రమాణం నెగ్గినట్టే. పరీక్షల్లో మామూలుగా వాడే మోతాదు రోజుకు 100 కోట్ల నుంచి 1000 కోట్ల దాకా ఉంటుంది. కనీస ప్రమాణం మాత్రమే అందుకున్న కప్పు దానిలో పదోవంతుకు మించదన్నమాట. సంఖ్య రాసి ఉంటే అది తయారైన రోజుదా, గడువు చివరి రోజుదా అన్నది కూడా చూడండి. ఫ్రిజ్‌లో ఉన్నా రోజురోజుకూ బ్యాక్టీరియా చస్తూనే ఉంటుంది, కాబట్టి చివరి రోజు లెక్కే నమ్మదగ్గది. ‘పులిసిన తర్వాత వేడిచేసినది’ అని ఉన్నా, ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి నిలవుంటుందని ఉన్నా అందులో బతికున్నదేమీ లేనట్టే. అది పనికిరానిదని కాదు. ఎవరికి అదే మేలో ముందు ముందు వస్తుంది.

చక్కెర సంగతి ఒక్క వాక్యంలో: తీపి కలపని పెరుగులో 100 గ్రాములకు 4 నుంచి 5 గ్రాముల చక్కెర పాలదే, దానికి మించి ఉన్నదంతా కలిపినదో, పండ్ల గుజ్జుదో.

ఒక్కొక్కటీ పక్కపక్కన పెడితే

*బతికున్న బ్యాక్టీరియా ఉన్న, తీపిలేని మామూలు పెరుగు.* ఎక్కువమందికి ఇదే మొదటి ఎంపిక కావాలి. పాశ్చరైజు చేసిన పాలతో చేసినదై, సీలు ఉండి, చల్లగా నిలవచేసినదైతే చాలు. స్ట్రెయిన్ పేరు లేదన్న లోటు మిగతా లాభాల ముందు చిన్నది.

*పేరున్న స్ట్రెయిన్ కలిపిన ప్రోబయోటిక్ పెరుగు.* ఒక ప్రత్యేకమైన అవసరం ఉన్నప్పుడు, ఆ అవసరానికి పరీక్షించిన స్ట్రెయిన్ దొరికినప్పుడు మాత్రమే అదనపు ధరకు న్యాయం జరుగుతుంది. తీపి, రంగు, వాసన కలిపిన రకం ఒక్కటే దొరికితే స్ట్రెయిన్ ఎంత గొప్పదైనా మామూలు పెరుగు వైపే మొగ్గండి.

*వడగట్టిన పెరుగు, అంటే గ్రీక్ రకం.* పెరుగు తేట తీసేయడం వల్ల ప్రొటీను చిక్కబడుతుంది. వెన్న తీసిన గ్రీక్ పెరుగులో 100 గ్రాములకు సుమారు 10 గ్రాముల ప్రొటీను ఉంటే, మామూలు పెరుగులో 3.5 గ్రాములే. తేటతో పాటు కొంత లాక్టోజ్, కొంత పొటాషియం కూడా పోతాయి. నీరసించి కండ తగ్గుతున్నవారికి, రెండు చెంచాలకే కడుపు నిండిపోయేవారికి ఇది బాగా కుదురుతుంది. పిండిపదార్థాలు కలిపి చిక్కగా చేసిన ‘గ్రీక్ తరహా’ సరుకు వేరు. ప్రొటీను అంకె చూస్తే గుట్టు బయటపడుతుంది.

*చిన్న సీసాల్లో వచ్చే ప్రోబయోటిక్ పానీయాలు.* స్ట్రెయిన్ పేరు, సంఖ్య స్పష్టంగా రాసేవి వీటిలోనే ఎక్కువ. ప్రొటీను మాత్రం నామమాత్రం. కొన్నిటిలో చక్కెర 100 మి.లీ.కి 10 గ్రాములు దాటుతుంది.

*కెఫీర్.* ఇది పులిసిన పాల పానీయం. ఇందులో బ్యాక్టీరియాతో పాటు ఈస్ట్‌లు కూడా ఉంటాయి. వైవిధ్యం ఎక్కువే గానీ ఇంట్లో పెంచిన కెఫీర్ గింజల్లో ఏమేమి ఉన్నాయో ఎవరూ చెప్పలేరు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు దీని జోలికి పోకపోవడమే నయం.

*మొక్కల పాలతో చేసినవి.* పాల అలర్జీ ఉన్నవారికి ఇవే గతి. సోయా రకంలో ప్రొటీను ఫర్వాలేదు. కొబ్బరి, బాదం రకాల్లో చాలా తక్కువ. కాల్షియం కలిపారో లేదో చూసుకోవాలి.

*క్యాప్సూళ్లు.* స్ట్రెయిన్, మోతాదు తెలుస్తాయి, చక్కెర, పొటాషియం బాధ లేదు. కానీ చాలాచోట్ల వీటిని మందులుగా కాక ఆహార పూరకాలుగా అమ్ముతారు, మందులకుండే కట్టుదిట్టమైన తనిఖీ ఉండదు. వందల కోట్ల సూక్ష్మజీవులు ఒకేసారి వెళ్తాయి గనుక బలహీనంగా ఉన్నవారిలో ప్రమాదమూ వీటితోనే ఎక్కువ. తిండి తినగలిగే మనిషికి ముందు కప్పు, తర్వాతే క్యాప్సూల్.

*ఇంట్లో తోడేసిన పెరుగు.* రుచికీ, ఖర్చుకీ దీనికి సాటి లేదు. లోపల ఏ బ్యాక్టీరియా ఎంత ఉందో తెలియకపోవడమే చిక్కు. పద్ధతిగా చేస్తే ఆ అనిశ్చితి తగ్గుతుంది. పాలను 85 డిగ్రీల దాకా కాచి పది నిమిషాలు ఆ వేడిలోనే ఉంచాలి. దీనివల్ల క్రిములు చావడమే కాదు, పాలలోని వే ప్రొటీన్లు విచ్చుకుని పెరుగు గట్టిగా నిలుస్తుంది. పలచబడి నీళ్లొదిలే పెరుగుకు కారణం చాలాసార్లు ఇక్కడ చేసిన తొందరే. తర్వాత 43 నుంచి 45 డిగ్రీలకు చల్లార్చి, లీటరుకు 20 నుంచి 30 గ్రాముల తోడు కలిపి, కదల్చకుండా అదే వెచ్చదనంలో 5 నుంచి 8 గంటలు ఉంచాలి. 55 డిగ్రీలు దాటిన పాలలో వేస్తే తోడు చచ్చి పాలు పాలలాగే ఉంటాయి. 30 డిగ్రీల దగ్గర వదిలేస్తే తోడుకోవడం ఆలస్యమై, ఆ సందులో అక్కర్లేని క్రిములు బలం పుంజుకుంటాయి. పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 కన్నా కిందికి దిగితే చాలా క్రిములకు కష్టకాలం. తోడుకున్న వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి.

ప్రోబయోటిక్ కప్పు కొని దాన్నే తోడుగా వాడుతూ పోవచ్చు కదా అన్న ఆలోచన చాలామందికి వస్తుంది. మొదటిసారి కొంత పనిచేయవచ్చు. కానీ బిఫిడోబాక్టీరియాకు గాలి పడదు, పాలలో మెల్లగా పెరుగుతుంది. తోడు జంట గంటల్లో కోట్లకు చేరేసరికి అది వెనకబడిపోతుంది. తోడు మార్చినకొద్దీ అది పలచబడి, చివరికి మిగిలేది మామూలు పెరుగే.

జబ్బును బట్టి

షుగరు ఉన్నవారికి సమాధానం చిన్నది: తీపిలేనిది, 100 నుంచి 150 గ్రాములు, దాన్ని భోజనంలో ఒక భాగంగా లెక్కేసుకుని. 2024 మార్చిలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, వారానికి కనీసం రెండు కప్పుల పెరుగు తింటే టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం తగ్గవచ్చని లేబుల్ మీద రాసుకోనిచ్చింది, అయితే ‘పరిమిత ఆధారం’ అన్న మాట జోడించాలి. అది జబ్బు రాకుండా ఉండటం గురించి. వచ్చిన జబ్బును తగ్గించడం గురించి కాదు.

కిడ్నీ జబ్బులో లెక్కలు మారతాయి. వెన్న తగ్గించిన మామూలు పెరుగు 100 గ్రాముల్లో పొటాషియం సుమారు 230 మి.గ్రా., ఫాస్ఫరస్ సుమారు 140 మి.గ్రా. ఉంటాయి. వెన్నతీయని పాల పెరుగులో అవి దాదాపు 155, 95. గ్రీక్ రకంలో పొటాషియం 140 దగ్గర, ఫాస్ఫరస్ 135 దగ్గర. డయాలిసిస్ మీద ఉన్నవారికి ప్రొటీను ఎక్కువ కావాలి, కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు, కనుక వాళ్లకు గ్రీక్ రకం అనుకూలం. డయాలిసిస్ మొదలుకాని దశలో ప్రొటీను తగ్గించమని చెప్పి ఉంటే అదే గ్రీక్ రకం అడ్డం తిరుగుతుంది. పదార్థాల జాబితాలో ‘ఫాస్ఫేట్’ అని కనబడితే ఆ కప్పు వదిలేయండి. కలిపిన ఫాస్ఫేట్ పాలలోని సహజ ఫాస్ఫరస్ కన్నా చాలా ఎక్కువగా ఒంటికి పడుతుంది.

పేగు జబ్బుల్లో ఆశలు ఎక్కువ, ఆధారం తక్కువ. పేగు వాచే జబ్బులైన క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్, తరచూ కడుపునొప్పి, విరేచనాల తేడాలతో వేధించే ఐబీఎస్‌లకు పరిశోధనల్లో భాగంగా తప్ప ప్రోబయోటిక్స్ సూచించబోమని అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజికల్ అసోసియేషన్ 2020లో చెప్పింది. పెరుగు పడితే ఆహారంగా తినండి, మందుగా మాత్రం నమ్ముకోవద్దు. జబ్బు తిరగబెట్టిన రోజుల్లో పాల లాక్టోజ్ కూడా పడకపోవచ్చు. అప్పుడు కొన్నాళ్లు ఆపి మళ్లీ ప్రయత్నించాలి.

దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడేవారికి ఎముకలు పలచబడతాయి, కాల్షియం కోసం పెరుగు మంచి తోడు. మోతాదు ఎక్కువగా ఉన్నవారు మాత్రం కింద చెప్పే జాగ్రత్తలు కూడా పాటించాలి.

కీమో, మూలకణ మార్పిడి, అవయవ మార్పిడి తొలి నెలలు, రక్తంలో న్యూట్రోఫిల్స్ (క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు) మైక్రోలీటరుకు 500 కన్నా తగ్గిన రోజులు: ఇక్కడ తప్పు జరిగితే మూల్యం పెద్దది. లాక్టోబాసిల్లస్ రక్తంలోకి చేరి ఇన్ఫెక్షన్ కలిగించిన కేసులు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. అరుదైనవే, కానీ ఇలాంటి రోగుల్లోనే. 2008లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన డచ్ పరీక్షలో, తీవ్రమైన ప్యాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) రోగులకు గొట్టం ద్వారా ప్రోబయోటిక్ మిశ్రమం ఇస్తే, ఇచ్చినవారిలో 16 శాతం, ఇవ్వనివారిలో 6 శాతం చనిపోయారు. అది పెరుగు కాదు, వాళ్లది వేరే జబ్బు. కానీ ‘ఎలాగూ హాని లేదుగా’ అన్న ధీమాను ఆ పరీక్ష చెరిపేసింది.

ఈ రోజుల్లో క్యాప్సూళ్లు, కెఫీర్, ఇంటి తోడు, పచ్చిపాల పెరుగు పూర్తిగా మానాలి. సీలున్న పాశ్చరైజ్డ్ మామూలు పెరుగు విషయంలో ఆసుపత్రుల పద్ధతులు ఒకేలా ఉండవు, కొన్ని తిననిస్తాయి, కొన్ని వద్దంటాయి. మీకు చికిత్స చేస్తున్న బృందం మాటే చెల్లాలి. వాళ్లు వద్దంటే, పులిసిన తర్వాత వేడిచేసిన రకం ప్రొటీను, కాల్షియం ఇస్తుంది, బతికున్న బ్యాక్టీరియా ఉండదు. మెడ దగ్గరో, ఛాతీలోనో రక్తనాళంలోకి గొట్టం ఉన్నవారికి సాక్రోమైసిస్ బౌలార్డీ అనే ఈస్ట్ క్యాప్సూళ్లు అస్సలు వద్దు. పక్క మంచం రోగి కోసం క్యాప్సూల్ విప్పితే చేతుల మీదుగా గొట్టానికి అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

మందులకూ పెరుగుకూ మధ్య ఎడం

పెరుగులోని కాల్షియం సిప్రోఫ్లాక్సాసిన్, టెట్రాసైక్లిన్ లాంటి యాంటీబయోటిక్స్‌ను పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వదు. సిప్రో వేసుకున్న రెండు గంటల తర్వాత తినండి, లేదా తిన్నాక ఆరు గంటలు ఆగి మాత్ర వేసుకోండి. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుని, పెరుగును మధ్యాహ్నానికి జరిపితే గొడవే ఉండదు. ఎముకల కోసం వాడే అలెండ్రోనేట్ మాత్ర ఉత్త నీళ్లతోనే, ఆ తర్వాత కనీసం అరగంట ఏమీ తినకూడదు.

కాల్షియంతో పేచీలేని యాంటీబయోటిక్స్‌కు కూడా రెండు గంటల ఎడం మంచిదే, ఎందుకంటే మాత్ర మీరు తిన్న బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. యాంటీబయోటిక్ కోర్సు ముగిశాక ప్రోబయోటిక్ తప్పనిసరి అన్నది ఇప్పుడు అంత ఖాయమైన మాట కాదు. 2018లో వచ్చిన ఒక ఇజ్రాయెల్ అధ్యయనంలో, పలు స్ట్రెయిన్ల క్యాప్సూళ్లు వాడినవారి పేగులో సొంత బ్యాక్టీరియా తిరిగి కోలుకోవడం ఆలస్యమైంది.

మొదలుపెట్టే తీరు

రోజుకు 50 గ్రాములతో, భోజనంతో పాటు మొదలుపెట్టి, నాలుగైదు రోజులకు 100కి పెంచండి. మొదటి వారంలో కొంత ఉబ్బరం మామూలే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే రకం మార్చండి. ఫలానా స్ట్రెయిన్ కోసమే కొంటున్నట్టయితే, ఏ మార్పు కోసం చూస్తున్నారో ముందే కాగితం మీద రాసుకుని నాలుగు వారాలు చూడండి. విరేచనాలు ఎన్నిసార్లు, ఉబ్బరం ఎన్ని రోజులు, ఇలా లెక్కకు అందేదై ఉండాలి. ‘ఒంట్లో బాగున్నట్టుంది’ అన్నది లెక్కకు రాదు. మార్పు లేకపోతే మామూలు పెరుగుకు తిరిగి వెళ్లండి.

ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉండాలి. రోగనిరోధక శక్తి తగ్గినవారికి పెద్ద డబ్బా కన్నా ఒక్కసారికి సరిపడే చిన్న కప్పులు నయం. ఎంగిలి చెంచా పడదు, రోజూ మూత తీయడం ఉండదు. పైన తేరిన తేట మామూలే, కలిపేసి తినవచ్చు. మూత ఉబ్బినా, గులాబీ, ఆకుపచ్చ మచ్చ కనబడినా, బూజు నూగు ఉన్నా పైపైన తీసేసి తినవద్దు, మొత్తం పారేయండి.

38 డిగ్రీల జ్వరం వచ్చిందంటే, కీమోలో ఉన్నవారు రేపటిదాకా ఆగకూడదు. ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఏ ప్రోబయోటిక్ వాడుతున్నారో స్ట్రెయిన్ పేరుతో సహా చెప్పండి, లేబుల్ ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి. రక్తపరీక్షలో లాక్టోబాసిల్లస్ కనబడితే అది శాంపిల్‌లో బయటి నుంచి పడిందనుకుని పక్కన పెట్టే అవకాశం ఉంది. పైగా రామ్నోసస్ లాంటి రకాల మీద వ్యాంకోమైసిన్ అనే యాంటీబయోటిక్ సహజంగానే పనిచేయదు. ఆ పేరు ముందే తెలిస్తే డాక్టరు ఎంచుకునే యాంటీబయోటిక్ వేరేది అవుతుంది.